సామాను పట్టీ మడతలో

తొమ్మిదిన్నర దాటితే గానీ పనిముట్ల గది తలుపు తియ్యని తాళాలాయన, ఆ రోజు మేం వచ్చేసరికే ముసుగులూ చేతి తొడుగులూ బల్ల మీద వరసగా పేర్చి "రండమ్మా, రండి బాబూ" అంటున్నాడు. నాకు అక్కడే తేడా కొట్టింది.

మా వెల్డింగ్ షెడ్డులో పట్టీలో సంతకం పెడితేనే సామాను చేతికిస్తారు. ముందెళ్లినవాడికి మంచి ముసుగు, వెనకున్నవాడికి అద్దం మీద గీతలు పడ్డది. అందుకని పట్టీ ఎవడూ చదవడు. తోసుకుంటూ వెళ్లి గీకి పారేస్తాడు. ఏడాదిగా నేనూ అంతే.

ఆ రోజు వెనకబడ్డాను. మా చెల్లి వచ్చే ఏడు ఇదే కోర్సులో చేరతానంటే, దరఖాస్తుతో సహా దాన్ని ఆఫీసు వసారాలో కూర్చోబెట్టి మళ్లీ షెడ్డుకొచ్చాను. అప్పటికే ఇరవై మూడు సంతకాలు పడ్డాయి. మిగిలింది నేనొక్కదాన్నే. పట్టీ పై అంచు వెనక్కి మడిచి, దాని మీద రాడ్ల డబ్బా పెట్టి ఉంది.

"డబ్బా తియ్యి బాబాయ్."

"ఎందుకమ్మా, సంతకం పెట్టేది కింద కదా. నీకోసం మంచి ముసుగు దాచాను."

"ఏడాదిలో ఒక్కరోజూ దాచలేదు. ఇవాళెక్కడ పుట్టుకొచ్చింది ఈ ప్రేమ?"

నేనే డబ్బా ఎత్తి మడత విప్పాను. టైపు చేసిన నాలుగు లైన్లు. సంస్కరణలో భాగంగా రెండేళ్ల కోర్సును ఏడాదికి కుదిస్తున్నారట. ఇప్పుడు చదువుతున్న మేం ఇష్టపూర్వకంగా అందులోకి మారుతున్నామట.

ఇష్టమట! మొదటి ఏడు బల్ల మీద పరిచిన రేకులు అతకడం నేర్పుతారు. గొట్టం చుట్టూ తిరుగుతూ, వెల్లకిలా పడుకుని అతికే పని రెండో ఏడు. అది రాకపోతే బాయిలర్ల ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపేస్తారు. బతుకంతా కిటికీ చువ్వలు అతుక్కోవాలి.

అందరికీ వినపడేలా చదివాను. మాకు పని నేర్పే సారు గోడ మీద చార్టు సర్దుతున్నాడు. ఆ చార్టు తిన్నగానే ఉంది.

"సారూ, ఇది మీకు తెలుసా?"

"పైవాళ్లు పంపారు. అందరూ పెట్టారుగా, నువ్వూ పెట్టెయ్. ఒక్కదాని కోసం రెండో ఏడు నడుపుతారా?"

పెట్టకపోతే ఒంటరిదాన్ని. పెడితే సగం పనిదాన్ని.

"ఏయ్, నా సంతకం కూడా ఉందే ఇందులో!" అన్నాడు మా తరగతి పొట్టోడు.

"కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా?" అన్నాను.

"మంచి ముసుగులు అయిపోతాయనుకున్నానే!"

ఎవరూ నవ్వలేదు. వాడు నా పెన్ను లాక్కుని తన సంతకం పక్కన రాశాడు: "సామాను పట్టీ అనుకుని పెట్టాను. ఒప్పుకోను." వాడి వెనక మిగతావాళ్లు. నలుగురు మాత్రం రాయలేదు. వాళ్లకు ఎవరు ఏం చెప్పి పెట్టారో నాకిప్పటికీ తెలియదు.

కాగితం ఆఫీసుకు పట్టుకెళ్లాం. ప్రిన్సిపాల్ చూసి సొరుగు లాగాడు.

"సొరుగులో వద్దు సార్. ముట్టినట్టు రాసివ్వండి."

"నా మీద నమ్మకం లేదా?"

"నిన్నటిదాకా ఉండేది."

ఇంతలో చెల్లి నా చెయ్యి లాగింది. "అక్కా, కోర్సు ఎన్నేళ్లో రాసే చోట ఖాళీ వదలమంటున్నారు గుమాస్తా గారు. తర్వాత వాళ్లే నింపుతారట. ఇచ్చెయ్యనా? ఇవాళే ఆఖరి రోజు."

ఇవ్వకపోతే దానికి ఏడాది పోతుంది. ఖాళీగా ఇస్తే అందులో ఏం రాస్తారో దేవుడికి తెలియాలి.

"రెండేళ్లు అని నీ చేత్తో రాసివ్వు" అన్నాను.

రాసింది. గుమాస్తా తీసుకోలేదు, ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ప్రిన్సిపాల్ ఫోను తీశాడు. మేం ఇరవై మందిమి, మధ్యలో ఫారం పట్టుకుని చెల్లి, రెండు కాగితాలూ ముట్టినట్టు రాసిచ్చేదాకా లేచేది లేదని గడపకు అడ్డంగా కూర్చున్నాం.