శివరాత్రి దాకా విప్పని టోపీ

నేను ఒక మంకీ టోపీని. కోతులు టోపీ పెట్టుకోగా నేనెన్నడూ చూడలేదు. మనుషుల నెత్తికెక్కే వస్తువుకి కోతి పేరెందుకు తగిలించారో ఆ పెట్టినవాళ్ళకే తెలియాలి. నా రంగు ముదురు ఆకుపచ్చ. నడినెత్తిన ఎర్ర కుచ్చు ఉండేది, ఇప్పుడు సగమే మిగిలింది. కళ్ళూ ముక్కూ నోరూ బయటికి కనబడడానికి ముందువైపు ఒక కంత, తక్కినదంతా మూతే. చెవుల దగ్గర రెండు పొరలు. అందుకేనేమో నాకు ఏ మాటా పూర్తిగా వినపడదు, విన్నదేదీ పూర్తిగా నమ్మబుద్ధి కాదు. నాది పుట్టుకతోనే అనుమానపు పుట్టుక.

ఎక్కడో ఉత్తరదేశంలో ఒక మిషను నన్ను అల్లింది. ఊలు టోపీ అని నా మీద చీటీ అంటించారు గానీ నాలో ఊలు ఏ పావు వంతో ఉంటుంది, మిగతాదంతా ఏదో దారం. నా సంగతే నాకు నమ్మకం లేదు, ఇంక లోకాన్ని ఏం నమ్మేది? మూటలో కుక్కితే రైలెక్కి, బస్సెక్కి, చలికాలం అమ్మకాలకి దక్షిణాదికి వచ్చే ఒక నేపాలీ ఆమె చేతుల మీదుగా మదనపల్లెలో దిగాను. రోడ్డు పక్కన రెండు చెట్లకి తాడు కట్టి మమ్మల్నందరినీ వరసగా వేలాడదీసింది. మంచుకొండల్లో పుట్టిన మనిషి. తను మాత్రం పలచటి చీరలో కూర్చుని అట్టముక్కతో విసురుకునేది. స్వెట్టర్ల కోసం బేరాలాడేవాళ్ళ మొహాల్లోకి వింతగా చూసేది. దీన్ని చలి అంటారా అని ఆమె అనుమానం. అది నాకూ అంటుకుంది.

ఈ ఊరి సంగతి చెప్పాలి. చుట్టూ కొండలు, మెరక మీద ఊరు. కింద ఊళ్ళవాళ్ళు చల్లటి ఊరని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు తెల్లవారుజామున వచ్చి, టిఫిను తిని వెళ్ళిపోయి ఉంటారు. మాఘమాసం వచ్చిందంటే ఇక్కడి వాతావరణాన్ని కన్నతల్లి కూడా నమ్మకూడదు. పొద్దున లేస్తే కొండలుండవు, మంచు మింగేసి ఉంటుంది. నోరు తెరిస్తే పొగ. టమోటా మండీ దగ్గర హమాలీలు పాత అట్టపెట్టెలు మంటేసి చేతులు కాచుకుంటారు. కాస్త పొద్దెక్కిందో లేదో ఆ మంచు దొంగలా జారుకుంటుంది. మధ్యాహ్నానికి ఫ్యాన్లు తిరుగుతాయి, మాడు చుర్రుమంటుంది. మామిడిపూత వాసన వేడెక్కి ముక్కు పుటాలు అదరగొడుతుంది. పొద్దు కొండ చాటుకి పోగానే గాలి మాట మారుస్తుంది, మళ్ళీ చెవుల్లో సూదులు. వర్షమా, ఊసే లేదు. ఆకాశంలో మచ్చుకి ఒక మబ్బుతునక కనబడదు. అంత తేటగా ఉన్న ఆకాశం ఏదో దాస్తూ ఉంటుందని నా నమ్మకం.

నన్ను మొదట కొన్నది నెల్లూరు నుంచి చదువుకి వచ్చిన ఒక కాలేజీ అబ్బాయి. వాళ్ళమ్మ ఫోనులో ఏమని బెదిరించిందో ఏమో, మంచుకొండ ఎక్కబోతున్నవాడిలా నన్ను గడ్డం దాకా లాక్కున్నాడు. బస్సులో ఎండ తగలగానే తీసి పక్కన పెట్టాడు, మరిచిపోయి దిగాడు. మనుషుల ప్రేమ ఎండ వచ్చేదాకేనని అప్పుడే తెలిసింది.

వెనక సీటులో ఓబులేసు ఉన్నాడు. మండీకి టమోటా బండి తోలే మనిషి. "ఎవురిదబ్బా ఈ టోపీ?" అని తనకు మాత్రమే వినపడేటట్టు అడిగాడు. ఎవరూ పలకలేదు. ధర్మం జరిగిపోయింది, నన్ను నెత్తికెత్తుకున్నాడు.

ఇంటికి పోతే అతని భార్య రెడ్డెమ్మ గడప దగ్గరే ఆపేసింది.

"ఎవురి నెత్తిదో, వాళ్ళకి ఏం రోగముండాదో! పేలో, తామరో! తీ, తీ ముందు!"

"కొత్తదే మే. చూడు, కుచ్చు గూడా నలగలే."

"కొత్తదాన్ని ఎవురన్నా పారేసుకుంటారా? ఏందో ఉండే పారేసినారు."

నాకు ఆమె మీద అప్పుడే గౌరవం కలిగింది. నాకంటే అనుమానం గల ప్రాణి లోకంలో ఉందని తెలిస్తే ఒక ధైర్యం. వేపాకు వేసి కాగే నీళ్ళలో నన్ను ఉడకబెట్టింది. ఉడికి ఉడికి నేను సగమయ్యాను. ఓబులేసు తలకి పట్టలేదు. రెండో తరగతి చదివే వాళ్ళ కూతురు చందన తలకి కొలిచి కుట్టినట్టు సరిపోయాను. రెడ్డెమ్మ గడ్డం కింద రెండు నాడాలు కుట్టి ముడి వేసింది. దీపావళి వెళ్ళాక కట్టిన ముడి శివరాత్రి దాకా విప్పకూడదని ఆమె చట్టం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందట. నిజంగా పోతుందో, పోయినట్టు నటించి పెరట్లో నక్కుతుందో, ఆ అనుమానం మా ఇద్దరికీ ఉంది.

రెడ్డెమ్మ భయాలు చెప్పాలంటే ఒక పొద్దు చాలదు. పెరుగు తింటే గొంతు పట్టేస్తుంది, మంచులో నిలబడితే రొమ్ము పట్టేస్తుంది, ఎండలో ఆడితే వడ కొడుతుంది. పిల్ల కాస్త ఎక్కువ నవ్వినా సాయంత్రానికి జ్వరం వస్తుందని నుదురు తడిమి చూస్తుంది. ఇన్నింటికీ భయపడే ఆమె అసలు భయపడాల్సినదాన్ని మాత్రం చూడలేదు. ఎందుకంటే దానికి అడ్డంగా నేనున్నాను.

పిల్ల పిలిస్తే పలకడం మానేసింది.

మొదట అవ్వ కనిపెట్టింది. అవ్వ అంటే ఓబులేసు తల్లి గంగులమ్మ. "ఏమ్మే కోడలా, నీ కూతురికి పొగరు జాస్తి అయ్యిండాది. గొంతు పోయేట్టు అరస్తా ఉంటే తిరిగి చూడదే!"

"టోపీ ఉంది గదత్తా."

ఓబులేసూ అదే అన్నాడు. "రెండు పొరలేసి బిగించి కట్టేస్తివి, దానికెట్ల వినపడుతుంది? శివరాత్రి పోనీ, తీసేస్తే సరిపోతుంది."

బడిలో టీచరమ్మ పాఠం వినడం లేదని వెనక బెంచీకి పంపింది. అడగడానికి పోయిన రెడ్డెమ్మతో ఆమె కూడా నన్నే చూపించింది. "ముందు ఆ టోపీ తీసి పంపండమ్మా." రెడ్డెమ్మ తల ఊపి వచ్చేసింది, తియ్యలేదు. వెనక బెంచీ పక్కన కిటికీ ఉంది, అందులోంచి గాలి కొడుతుందని ఇంకో ముడి అదనంగా వేసింది.

ఆ చెవుల మీదే ఉన్నదాన్ని గనక నాకు మాత్రం వేరే అనుమానం. చందన ఎవరు మాట్లాడినా వాళ్ళ నోళ్ళకేసి చూసేది. పెదవులు కదిలితే చటుక్కున పలికేది. వెనక నుంచి ఎంత పెద్ద మాట వచ్చినా, నా రెండు పొరలూ దాటి లోపలికి పోయినా, ఆ తల కదిలేది కాదు. ఆ మాటలు ఎక్కడికి పోతున్నాయి? చెబుదామంటే నోటి దగ్గర కంత ఉంది గానీ, అది నా నోరు కాదు.

ఒక శనివారం ఒంటిపూట బడి. ఎండ పెళపెళలాడుతోంది. రెడ్డెమ్మ బడి నుంచి మండీ రోడ్డు మీదుగా ఇంటికి తీసుకొస్తుంటే పిల్ల మెడంతా చెమటకాయలు లేచి, నాడాలు పట్టుకుని పీక్కుంటోంది. రెడ్డెమ్మ ఆకాశం వైపు చూసింది, కొండ వైపు చూసింది. ఏ వైపు నుంచీ గాలి రావడం లేదని రూఢి చేసుకుని, "చెమట ఆరేదాకే, తెలిసిందా?" అని ముడి విప్పింది. నన్ను మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. పిల్ల నెత్తి గోక్కుంటూ, ఆడుకుంటూ ముందుకి పరిగెత్తింది.

మండీ గేటులోంచి ఒక టమోటా బండి వెనక్కి వస్తోంది. కూకూమని రివర్సు మోత ఊరంతా వినపడుతోంది. హమాలీ ఒకాయన "పాపా! పాపా!" అని కేకలేస్తున్నాడు. చందన దారిలో పడిన టమోటాని కాలితో దొర్లించుకుంటూ, బండికి వీపు పెట్టి దాని వెనకే నడుస్తోంది.

"చందనా!" అని అరిచింది రెడ్డెమ్మ. ఆ గొంతు ఆమెది కాదేమో అనిపించింది నాకు. రోడ్డు మీది జనమంతా తిరిగి చూశారు. పిల్ల తిరగలేదు.

హమాలీ బండి పక్కరేకు మీద దబదబా గుద్దాడు. బండి ఆగింది. పిల్లకీ బండికీ మధ్య ఒక టమోటా బుట్ట పట్టేంత చోటు మిగిలింది. అప్పుడు పిల్ల తలెత్తి, అందరూ తననే ఎందుకు చూస్తున్నారో అర్థంకాక అమ్మ కోసం వెతుక్కుంది.

"చెవుడా ఏందమ్మా బిడ్డకి?" అన్నాడు హమాలీ, కోపంగానే.

రెడ్డెమ్మ తన గుప్పిట్లోకి చూసుకుంది. నేను అక్కడున్నాను. పిల్ల నెత్తి మీద ఏమీ లేదు.

ఇంట్లో ఆ సాయంత్రం అవ్వ ఉప్పూ మిరపకాయలూ దిష్టికి దిగదుడిచి నిప్పుల్లో వేసింది. "శివరాత్రి రానీమ్మే, చలి పోతే..." అని మొదలుపెట్టింది.

"టోపీ నా చేతిలో ఉండిందత్తా," అంది రెడ్డెమ్మ. "నా చేతిలో ఉండింది."

చెవుల డాక్టరమ్మ సన్నటి లైటు వేసి చూసింది, పిల్ల చెవులకి ఏవో తగిలించి శబ్దాలు వినిపించి చూసింది. జలుబు ముదిరి కర్ణభేరి వెనక నీరు నిలిచిపోయిందట, రెండు చెవుల్లోనూ.

"టోపీ వల్లా మేడమ్?"

"టోపీ ఏం చేసిందమ్మా? జలుబు వల్ల. ఎన్నాళ్ళ నుంచి?"

రెడ్డెమ్మ నా నాడాలు వేలికి చుట్టుకుంది. మందు రాసిస్తాను, చాలామందికి నీరు దానంతట అదే ఇంకిపోతుంది, లేకపోతే చిన్న ఆపరేషను చేస్తామంది డాక్టరమ్మ. 'చిన్న' అనే మాట రెడ్డెమ్మ నమ్మలేదు. 'చాలామంది' అన్న మాట అసలే నమ్మలేదు. ఆ చాలామందిలో తన కూతురు ఉంటుందని ఎవరు రాసిచ్చారు?

అక్కణ్ణుంచి మొదలైంది పరీక్ష. పిల్ల వెనక నిలబడి మెల్లగా పిలవడం. మొదట్లోనే చందన తిరిగి చూస్తే ఇంట్లో అంతా పండగ చేసుకున్నారు. ఓబులేసు మైసూరుపాకు తెచ్చాడు. రెడ్డెమ్మ ఒక్కతే నోట పెట్టలేదు. మర్నాడు మళ్ళీ పిలిచింది, పిల్ల తిరిగింది. ఈసారి పిలవకుండా ఊరికే నిలబడింది. పిల్ల అప్పుడూ తిరిగింది!

పొద్దుటి ఎండలో అమ్మ నీడ పిల్ల ముందు పడుతోంది. నీడ వచ్చి ఆగితే పిలిచినట్టే లెక్క. అమ్మ మొహం వాడిపోకుండా ఉండడానికి ఆ పిల్ల కనిపెట్టిన ఉపాయం. అది తెలిసి రెడ్డెమ్మ వంటింట్లోకి పోయి చాలాసేపు గిన్నెలు తోమింది, తోమినవే తోమింది.

శివరాత్రి వచ్చి వెళ్ళింది. ఊరు స్వెట్టర్లు మడిచి పెట్టెల్లో పెట్టేసింది. కొండల మీద మంచు పలచబడింది గానీ తెల్లవారుజామున ఇంకా చలి ఉంది, నేను చెప్పలేదూ. చందన నన్ను కట్టించుకోవడం మానేసింది, ఎవరూ బలవంతపెట్టలేదు. మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పోవాల్సిన రోజు దగ్గరపడుతోంది. ఆపరేషనా కాదా అన్నది ఆ రోజే తేలుతుంది. రెడ్డెమ్మ ఇప్పుడు పిలిచి చూడడం కూడా మానేసింది. పలకకపోతే తట్టుకోలేనని గాబోలు.

పెట్టెలో పెట్టేముందు నన్ను ఉతికి మిద్దె మీద తీగకి వేసింది. మిట్టమధ్యాహ్నం, నీడలు కాళ్ళ కిందికి ముడుచుకున్న వేళ. నేను గబగబా ఆరిపోయాను. నన్ను తీసి భుజాన వేసుకుంది. పిల్ల పిట్టగోడ దగ్గర కూర్చుని సుద్దముక్కతో ఏదో గీస్తోంది, వీపు మావైపు. పడమటి గాలి ఒక్కసారి లేచింది.

"అమ్మా, ఎవురో గలగలమంటా ఉండారే," అంది చందన.

ఎండాకుల్లో పామేమోనని రెడ్డెమ్మ ముందు చీపురు అందుకుంది. మిద్దె నాలుగు మూలలూ చూసింది. ఏమీ లేదు. పక్కింటి దొడ్లో దిరిసెన చెట్టు ఆకంతా రాల్చేసి, ఎండిన కాయల్ని గాలికి ఊపుతోంది. గింజల చప్పుడు. ఎంత చిన్న చప్పుడంటే, ఉందని పిల్ల చెప్పేదాకా రెడ్డెమ్మకీ వినపడలేదు. నాకూ వినపడలేదు.

చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. గొంతు బయటికి రాకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముక్కు మాత్రం ఆగలేదు.

పిల్ల తల తిప్పలేదు, గీత ఆపలేదు.

"ముక్కు ఎగబీలస్తా ఉండావు, జలుబు చేసిండాది నీకు," అంది విసుగ్గా. "టోపీ పెట్టుకోమ్మా."

రెడ్డెమ్మ నన్ను తీసుకుని నెత్తిన పెట్టుకుంది. చెవుల మీదికి లాక్కోలేదు.