ఆవిరి షెడ్డు ఆడవాళ్లు

నేను కళ్లారా చూసిందే చెబుతున్నాను. ప్రభుత్వాసుపత్రి బట్టలుతికే షెడ్డులో ఆవిరి యంత్రం మూత ఊడినప్పుడు అందరూ పెద్దమ్మ అని పిలిచే మా అత్త దాని ముందే ఉంది. మరిగే నీళ్లు ఆమె రెండు చేతులనూ మోచేతుల దాకా వలిచేశాయి. ఆ మూత బిగుసుకోవడం లేదని చెప్పీ చెప్పీ మా నోళ్లు అరిగాయి. సూపర్‌వైజరు దానికి తీగ చుట్టించి, "ఆడుతుందిలే, కానివ్వండి" అన్నాడు.

ఆ పూటే కాంట్రాక్టు కూలీలమంతా పని ఆపేశాం. కొన్నాళ్లకు మా ఇళ్లల్లో పొయ్యిలో పిల్లి లేవడం మానేసింది. అప్పుడు లేబర్ ఆఫీసరు ఆసుపత్రికే వచ్చి రాజీ చర్చలకు పిలిచాడు.

మేమంతా అన్నా అని పిలిచే యూనియన్ కార్యదర్శి చర్చల గదిలోంచి తల దించుకుని వచ్చాడు. "అందరినీ పర్మినెంట్ చేస్తారట. కానీ ప్రమాదం తనవల్లే జరిగిందని పెద్దమ్మ తన నోటితో ఒప్పుకోవాలట."

వరండా భగ్గుమంది.

"కాలిందీ ఆమే, తప్పూ ఆమెదేనా?"

"మరి నా పిల్లల గతేంటి? ఒక్క మాటేగా!" అంది ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే అక్క.

"ఇవాళ ఆమె, రేపు నువ్వు. అప్పుడూ ఒక్క మాటే అంటావా?"

అత్త గోడకు ఆనుకుని లేచింది. "ఎందుకే కొట్టుకు చస్తారు? నా చేతులెలాగూ తిరిగి రావు. మీ బతుకులన్నా బాగుపడనీ."

ఆమెను పట్టుకుని నేనే లోపలికి తీసుకెళ్లాను. అత్త ఆఫీసరు ముందు నిలబడి, కట్లు కట్టిన చేతులు గుండెకు ఆనించుకుంది.

"చెప్పమ్మా, భయం లేదు," అన్నాడు ఆసుపత్రి సూపరింటెండెంటు, పసిపిల్లకు మందు పోస్తున్నట్టు.

"తప్పు నాదే బాబూ."

"అబద్ధం! ఆ మూతకు తీగ చుట్టించిందెవరు?" అని అరిచాను.

గుమ్మంలో తోపులాట. ఆ ఒక్క మాట చెవినబడగానే అందరికంటే ముందు ఇస్త్రీ అక్కే దూసుకొచ్చింది. "యంత్రం బాగు చెయ్యకుండా పర్మినెంటా? పర్మినెంటుగా కాలి చావడానికా?"

చర్చలు విఫలమయ్యాయని ఆఫీసరు లేచాడు. పోలీసులొచ్చారు. నన్నూ ఇస్త్రీ అక్కనూ అన్ననూ వ్యానులోకి తోశారు. అత్త వ్యాను కిటికీ దగ్గరకొచ్చి బావురుమంది.

"నోటికాడి కూడు నేలపాలు చేశావు కదే! రేపేం తింటాం?"

కిటికీ ఊచలు పట్టుకుని ఆమె చేతుల కట్ల వైపే చూశాను.

అప్పుడు వార్డుల మెట్ల మీంచి ఆయాలు దిగారు. ఇన్నాళ్లూ మేం కనబడితే తల తిప్పుకుని పోయినవాళ్లు. వచ్చి వ్యాను ముందు నేల మీద కూర్చున్నారు.

"మీకేం సంబంధం? లేవండి!" ఇన్‌స్పెక్టరు లాఠీ ఊపాడు.

ఒక ముసలి ఆయా అత్తను భుజం పట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది. "రోజూ కట్లు మార్చేటప్పుడు ఈమె ఏడుపు వింటున్నది మేమే బాబూ," అంది.

డ్రైవరు ఇంజను రేజ్ చేశాడు. వ్యాను ఒక్కసారి ముందుకు ఊగింది.

ఎవరూ లేవలేదు.