కాచిన తోడు

వాల్దివీనో నా భార్య నైర్‌కి సొంత అన్న. వాడు బాగుపడకూడదని ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద కోరుకుంటాను. ఫాదర్‌కి కూడా చెప్పాను. తప్పన్నాడు. ఆయనకేం, ఆయన పాల మీద బతకడు.

బ్రెజిల్‌లో మా మినాస్ కొండల్లో చీజ్‌కి ప్రాణం తోడు. నిన్నటి చీజ్ దిమ్మల నుంచి రాత్రంతా కారిన ఉప్పునీళ్ళే ఇవాళ్టి పాలకు తోడు. అది చచ్చిపోతే పక్కింటికి చెంబు పట్టుకెళ్తాం. లేదనే ఇల్లు లేదు. ఇచ్చినదాన్ని వాళ్ళ ముందే మూత తీసి చూడటం అవమానం. వాల్దివీనో తోడు చచ్చిన ఏడు మా అమ్మ వానలో తడుస్తూ మోసుకెళ్ళి పోసింది.

ఏళ్ళ తరబడి పాలు డెయిరీ లారీకి పోసి, వెన్న తక్కువని వాళ్ళు ధర కోసినంతా కోయించుకుని, విసిగిపోయి సొంతంగా చీజ్ చేసి అమ్ముదామనుకున్నాను. పొలం బ్యాంకులో పెట్టి పలకల గది కట్టించాను, స్టీలు తొట్టి కొన్నాను. బెలో ఒరిజోంచి పట్నం షావుకారు మొదటి సరుకు ఎత్తితేనే కిస్తీ. లేకపోతే పొలం పోతుంది. లైసెన్సు ఆఫీసరు చెప్పాడని గదంతా బ్లీచింగ్‌తో కడిగితే, ఆ మందుకు మా ఇంటి తోడు చచ్చింది.

పక్కిల్లు వాల్దివీనోదే. నవ్వుతూ చెంబు నిండా ఇచ్చాడు. నేను మూత తీయలేదు. ఆ తోడుతోనే వారమంతా చేశాం.

షావుకారు వచ్చేసరికి దిమ్మలన్నీ బంతుల్లా ఉబ్బాయి. ఒకటి కోశాడు. లోపలంతా చిల్లులు. కత్తి తుడుచుకుని, మీ బావ దగ్గర చూస్తానని వెళ్ళిపోయాడు.

నైర్ చెంబు అడుగు గీకింది. తెల్లటి తరకలు వచ్చాయి. పచ్చి తోడుకు తరకలుండవు. కాచితేనే వస్తాయి. కాచిన తోడు చచ్చిన తోడే, పాలు చెడకుండా ఆపలేదు.

ఇద్దరం వాడింటికి వెళ్ళాం. వసారాలో కాఫీ తాగుతున్నాడు.

"కాచి ఇచ్చావు కదా బావా?"

"అడిగావు, ఇచ్చాను. నా గుమ్మంలో లేదనిపించుకున్నావా?"

"మా అమ్మ నీకు పచ్చిది పోసింది."

"మీ అమ్మ నాకు పోటీగా చీజ్ అమ్మలేదు బావా. కూర్చో, కాఫీ చల్లారిపోతుంది."

నైర్ ఆ చెంబు వాడి కాళ్ళ దగ్గర పెట్టింది. "అన్నయ్యా, నేను పోయినా నా శవపెట్టె మోయడానికి రాకు," అంది.

బ్యాంకు వేలంలో మా పొలం పాడుకున్నదీ వాడే. ఊట దగ్గర నుంచి రోడ్డు దాకా, పదకొండు హెక్టార్లు.