రాయి ఉండే చోటు

రెడ్డియార్‌పాళయంలో ఒక గ్రానైట్ షెడ్డులో తిరుమలై ఇరవై ఆరేళ్లుగా పలకలు కోస్తున్నాడు. వంటగట్లకీ, మెట్లకీ, పూజగదులకీ ఎన్ని కోశాడో లెక్కలేదు. రాయి మాత్రం ఎప్పుడూ లారీలోనే వచ్చేది, అప్పటికే పలకలుగా మారి. అది ఎక్కడ ఉండేదో అడగాలని అతనికి ఎప్పుడూ తోచలేదు.

అడిగింది నాగశ్రీ. యానాం నుంచి వచ్చి, ఇక్కడి కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతుంది. వంటగట్టు రాయి కోసం షెడ్డుకి వచ్చింది.

"ఈ రాయిని కొండ మీద ఎప్పుడైనా చూశారాండీ?"

"యాడమ్మా? లారీలో వస్తాది, కోస్తాం. అంతే."

"ఆదివారం మా కాలేజీ పిల్లల్ని సెంజి దగ్గర కొండెక్కిస్తున్నాను. మీరూ రండి."

అతను నవ్వి రంపం వైపు తిరిగాడు. కానీ ఆదివారం తెల్లవారేసరికి బస్టాండులో అందరికంటే ముందే నిలబడి ఉన్నాడు.

రెండు గంటల ప్రయాణం తర్వాత బస్సు దిగి, ముళ్లపొదల మధ్య కాలిబాట పట్టారు. బాట మలుపు తిరగ్గానే తిరుమలై ఆగిపోయాడు. ఎదురుగా కొండంతా గుండ్లే. ఒక్కొక్కటీ ఇల్లంత. ఒకదాని మీద ఒకటి, మొనమీద మొన ఆనించి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోయేలా ఉన్నాయి. దొర్లడం లేదు.

"ఎవురు పేర్చినారు వీటిని?" అన్నాడు.

"ఎవురూ పేర్చలా మామా. వానకీ ఎండకీ మెత్తటిదంతా అరిగిపోయింది, గట్టిది నిలిచింది," అంది కార్తిక. ఒర్లియంపేట పిల్ల, నాగశ్రీ విద్యార్థిని.

తిరుమలై చెప్పులు విప్పి పొద కింద పెట్టాడు. ఎవరూ విప్పమనలేదు. అక్కడి నుంచి ఉత్త కాళ్లతోనే ఎక్కాడు. చేతికందిన ప్రతి గుండునీ తడిమాడు. పాలిష్ కింద ఎన్నోసార్లు చూసిన నల్ల గింజలూ గులాబి గింజలూ ఇక్కడ గరుకుగా, నాచుపట్టి, ఎండకి వెచ్చగా ఉన్నాయి.

సగం ఎక్కాక, ముందుకు చొచ్చుకొచ్చిన ఒక పెద్ద బండ నీడలో పిల్లలు కూర్చుని పులిహోర పొట్లాలు విప్పారు. తిరుమలై లోపలికి వంగి, గులకరాయితో పైబండని తట్టాడు. రెండడుగులు జరిగి మళ్లీ తట్టాడు. అతని ముఖం మారిపోయింది.

"లెయ్యండి! అన్నీ వదిలేసి బయటికి రాండి!"

ఆ గొంతు విని పిల్లలు ఉన్నపళంగా లేచారు. అందరూ ఎండలోకి వచ్చాక నాగశ్రీ తనూ తట్టి చూసింది. ఒకచోట కంగుమంది. ఇంకోచోట ఖాళీ కుండలా పలికింది.

"పొర విడిపోయిందమ్మా. పలకల్లో ఇట్ల పలికితే మేం రంపం పెట్టం."

"నేను ఇరవైసార్లు వచ్చానండీ ఇక్కడికి," అంది నాగశ్రీ మెల్లగా. "ఎప్పుడూ ఈ నీడలోనే కూర్చునేవాళ్లం."

ఆ బండ ఆ రోజు పడలేదు. దూరంగా కూర్చుని, చేతుల్లో ఉండిపోయిన పొట్లాలు పంచుకు తింటూ ఆమె చెప్పింది: "ఈ రాయి మైళ్ల లోతున పుట్టిందండీ. పైనున్న నేలంతా కొట్టుకుపోయింది. బరువు తగ్గేసరికి పొరలుపొరలుగా విచ్చుకుంటోంది."

"పుట్టి ఎన్నేండ్లైంది?"

"దాదాపు రెండు వందల యాభై కోట్ల ఏళ్లు."

తిరుమలై ముద్దని పొట్లంలో పెట్టేసి బండ వైపు చూశాడు.

"ఇంకా విచ్చుకుంటానే ఉండాదా?"

"ఇంకా విచ్చుకుంటూనే ఉందండీ."

శిఖరం చేరేసరికి మధ్యాహ్నమైంది. నలువైపులా అవే కొండలు, అవే గుండ్లు, కనుచూపు ఆనినంత మేర. గాలి తప్ప చప్పుడు లేదు. బండ మీది గుంటలో పోయిన వారపు వాననీళ్లు, అందులో తోకకప్పలు. అతను ఇంటికి ఫోన్ చేశాడు.

"యాడుండారు? పడినారా ఏంది?" అంది భార్య పట్టమ్మాళ్.

"లేదు. పెద్దగా ఉండాది."

"ఏంది పెద్దగా?"

"అంతా," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటి ఆదివారం ఆమెను తనే తీసుకెళ్లాడు. మోకాళ్ల నొప్పుల వల్ల మొదటి గుండు దాకానే రాగలిగింది. దానికి వీపు ఆనించి, తల వెనక్కి వాల్చి, కొంగు జారుతున్నా పట్టించుకోకుండా పైకి చూస్తూ ఉండిపోయింది.

అతను పైబాట చూపించి, "ఇంకొంచెం పైకి పోదామా?" అని అడిగాడు.

"ఉండండి," అంది పట్టమ్మాళ్. "ముందు దీన్ని చూడనీండి."