ముప్పై ఆంపియర్ల ఫ్యూజు

మధ్యాహ్నం రెండయింది. రేకుల షెడ్డులో నలభై ఒక్క డిగ్రీల వేడి. కార్మెన్ జామిత్ కారు వెనక సీటు ఊడదీసింది. కాలిన ప్లాస్టిక్ కంపు. ముప్పయ్యేళ్లుగా కార్ల వైరింగు పని చేస్తున్న మనిషి ఆమె, ఆ కంపు కొత్తేమీ కాదు. కానీ సీటు మీద చంటిపిల్లల కుర్చీ బిగించి ఉంది. సరిగ్గా దాని కింద, సీటు అడుగున, గుడ్డ అరచెయ్యంత మేర మాడిపోయింది.

క్యాంప్‌బెల్‌ఫీల్డ్‌లోని ఆ షెడ్డు గ్రాంట్ హోల్‌రాయిడ్‌ది. మామూలు కారుని రేసు కారులా పరుగెత్తించే టర్బో కిట్లు తయారుచేసి అమ్ముతాడు. టర్బో, పెద్ద పెట్రోలు పంపు, గొట్టాలు, వైర్లు, అన్నీ కలిపి ఆరువేల ఎనిమిది వందల డాలర్లు. నలుగురికీ కనబడే సామానంతా మేలురకం. పీనాసితనమంతా కనబడని వైర్ల దగ్గరే.

బ్యాటరీ నించి సీటు కిందుగా పెట్రోలు పంపుకి వెళ్లే వైరులో మాడిన ముక్కని కార్మెన్ కత్తిరించి, మిగిలిన వైరు కలిపి, పంపు నడుస్తుండగా మీటరు పెట్టింది. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులు. పంపు దగ్గర తొమ్మిది. మిగతా మూడున్నరా దారిలోనే వేడిగా తగలడుతోంది. వైరు మీది నల్లటేపు విప్పింది. విప్పుతుంటే ఇంకా వస్తూనే ఉంది. బొటనవేలంత లావుగా కనిపించిన ఆ వైరు చివరికి చెవిపోగు తీగంత తేలింది. ఛీ అనిపించింది.

కారు యజమాని నినోస్ ఖోషాబా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. తివాచీల ఫ్యాక్టరీలో గంటకి ఇరవై తొమ్మిది డాలర్ల పని. రెండేళ్లు ఓవర్‌టైం చేసి కొన్నాడీ కిట్టు. నిన్న పాపని క్రెష్ నించి తెస్తుంటే సీటు కింద పొగ లేచింది.

గ్రాంట్ ఆఫీసు గదిలోంచి, కిట్టులో లోపమేంటో రాసే ఫారం తెచ్చి కార్మెన్ ముందు పెట్టాడు. ఫ్యూజుల పెట్టెలోకి వేలు చూపించాడు.

"ఇరవై ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిన చోట ముప్పైది ఉంది చూశావా. బిగించినవాడి తప్పు అని రాసి సంతకం పెట్టు. ఈయన్ని పంపించేద్దాం."

ఆ సంతకం పడితే నినోస్‌కి కిట్టు డబ్బు రాదు, బీమా రాదు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ సంతకం లేకపోతే ఫారానికి విలువ లేదు. షెడ్డులో లైసెన్సున్నది కార్మెన్‌కి ఒక్కదానికే.

"నా అంతట నేను పెట్టలేదు సార్," అన్నాడు నినోస్. "మూడుసార్లు ఫ్యూజు పోతే ఇక్కడికే ఫోన్ చేశా. ఒకావిడ ఎత్తి, ముప్పైది వేసుకోండి సరిపోతుంది అంది." కార్మెన్ వైపు తిరిగాడు. "నువ్వే గదక్కా. ఇందాకట్నించీ వింటన్నా, అదే గొంతు."

అది నిజమే. షెడ్డుకొచ్చే ఫోన్లు ఎత్తేది కార్మెనే. ఫోను పక్కన గోడకి గ్రాంట్ ఒక కాగితం అంటించాడు, ఎవరేం అడిగితే ఏం చెప్పాలో. ఫ్యూజు పోతే పెద్దది వెయ్యమనండి అని అందులో ఉంది. తీగ కాలకముందే తాను పోవడానికే ఫ్యూజు పుట్టిందని పని నేర్చుకున్న మొదటి వారంలోనే ఎవరికైనా తెలుస్తుంది. కార్మెన్‌కీ తెలుసు. తెలిసే ఫోనులో చదివి వినిపించింది. మాట గ్రాంట్‌ది, గొంతు మాత్రమే తనది అని సరిపెట్టుకుని ఏడాదిగా చదువుతూనే ఉంది. ఇప్పుడు గ్రాంట్ మీద కన్నా తన మీద తనకే ఎక్కువ రోత పుట్టింది.

"ఫోన్లో ఎవరేం అన్నారో ఎవడికి తెలుసు," అన్నాడు గ్రాంట్. "రాయి కార్మెన్. గంటకి నలభై రెండు డాలర్లు ఊరికే ఇస్తన్నానా నీకు?"

కార్మెన్ పెన్ను తీసుకుంది. లోపానికి కారణం అన్న గడిలో రాసింది: 'వైరు సన్నం. టేపుతో లావు చేసి అమ్మాం. పెద్ద ఫ్యూజు వెయ్యమని ఫోనులో చెప్పింది నేను.' లైసెన్సు నంబరు వేసి, సంతకం పెట్టి, కాగితాన్ని గ్రాంట్‌కి కాకుండా నినోస్ చేతికిచ్చింది.

"పనిముట్లు సర్దుకో," అన్నాడు గ్రాంట్. గొంతు పెంచలేదు. "రేపట్నించి రానక్కర్లా."

"సర్దుకుంటాలే."

నినోస్ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. థాంక్స్ చెబుతాడేమో అనుకుంది కార్మెన్. చెప్పలేదు.

"ఇంకెంతమందికి చెప్పావక్కా ఇట్టా?"

ఆమె దగ్గర లెక్క లేదు. ఇరవై మంది ఉండొచ్చు, నలభయ్యీ ఉండొచ్చు. వాళ్ల వెనక సీట్లలో ఎవరెవరు కూర్చుంటున్నారో అసలే తెలియదు. నేరుగా ఆఫీసు గదిలోకి నడిచి, కిట్లు కొన్నవాళ్ల పేర్ల పుస్తకం లాక్కుని, మొదటి పేజీ తెరిచి, బల్ల మీది ఫోను అందుకుంది.

"ఫోన్ కింద పెట్టు," అన్నాడు గ్రాంట్ గుమ్మంలోంచి. "పోలీసుల్ని పిలుస్తా."

"పిలువు. నేనీ నంబరు చేసినాక."

మొదటి పేరు ఎవరో ఆడమనిషిది, గీలాంగ్ చిరునామా. కార్మెన్ నంబరు నొక్కి ఫోను చెవికి ఆనించింది. అవతల మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మోగుతూనే ఉంది.