విజయనగరం వెళ్ళిన నీడ

బడా బజారులో వైకుంఠరావు గారి పసుపు కొట్టు పొద్దున్నే ఆరింటికి తెరుచుకునేది. కొట్టు ముందు నీళ్ళు చల్లడం ఆయన కొడుకు తాతారావు వంతు, బస్తాల మూతులు విప్పడం తమ్ముడి కొడుకు కూర్మారావు వంతు. ఇద్దరికీ మూణ్ణెల్ల తేడా. ఆ పని కాగానే చద్దన్నం తిని కలిసే హైస్కూలుకి పోయేవారు.

ఫోర్తుఫారం చివర్లో హెడ్మాస్టరు వెంకటరమణమూర్తి గారు, కాలేజీ సంగతి ఇప్పుడే తేల్చుకోండని కాగితాలు పంచారు. ఆ సాయంత్రం వైకుంఠరావు గారు పిల్లలిద్దరినీ పిలిచి కూర్చోబెట్టారు.

“ఒకడు కాలేజీకి ఎల్లాల, ఒకడు కొట్టు సూడాల. ఎవుడికేటి కావాలో ఇప్పుడే సెప్పండి. తరవాత ఏడిస్తే నాను ఇనను.”

“నాకు లెక్కలు కావాల నాన్నా. విజయనగరం కాలేజీ” అన్నాడు తాతారావు.

“నాకు కొట్టే కావాల పెదనాన్నా” అన్నాడు కూర్మారావు.

అబద్ధం కాదు. పసుపు కొమ్ము విరిచి వాసన చూస్తే అది ఏ కొండ మీద పండిందో చెప్పేవాడు. వాడు ఒడియాలో బేరం మొదలెడితే కొండల్నుంచి దిగొచ్చినవాళ్ళు నవ్వుతూ ఒప్పుకునేవారు. బీజగణితం చూస్తే మాత్రం వాడికి చలిజ్వరమే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తాతారావు నీడని రైలెక్కించారు. సీటు ముందుగా పట్టుకోవాలంటే అంతే కదా, రైలు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు నీడని పంపేవారు. అది వెళ్ళి కాలేజీ బెంచీ మీద రెండేళ్ళు కూర్చుంటే, పరీక్ష ప్యాసయ్యాక పిల్లవాడు పోయి ఆ చోట్లో కూర్చోవడమే. సాయంత్రాలు పంపితే నీడ పొడుగెక్కి రైలుపెట్టె తలుపులో ఇరుక్కునేది, టికెట్ కలెక్టరు చేత తిట్లు తినేది.

కూర్మారావు కడుపుమంట ఆ రోజే మొదలైంది.

వద్దనుకున్నది తనే. అయినా సరే, నాయనమ్మ పెరుగు మీద మీగడంతా తాతారావు కంచంలోకే తీసేది. “నీడ నేని బిడ్డ, ఎండలో తిరుగుతున్నాడు” అని ఆవిడ జాలి. వీధిలో పోయేవాళ్ళు తాతారావు కాళ్ళ దగ్గర ఖాళీ నేల చూసి “అబ్బో, ఈడిది అప్పుడే కాలేజీలో ఉంది” అనేవారు. కూర్మారావు వెనకాల నల్లగా సాగే నీడని పలకరించినవాడు లేడు. కుళ్ళుతో వాడికి తిండి సయించలేదు. “ఏట్రా తమ్ముడూ, అలగున్నావు?” అని తాతారావు భుజం మీద చెయ్యేస్తే ఒళ్ళు మండిపోయేది. వాడికి కాలేజీ అక్కర్లేదు, తాతారావుకి దక్కకుండా పోతే చాలు. ఎదుటివాడికి అపశకునం కావాలని ముక్కు కోసుకునే రకం బుద్ధి పుట్టింది.

సిక్స్తుఫారంలో దసరా వెళ్ళాక, ఒక మధ్యాహ్నం బడి ఎగ్గొట్టి స్టేషనుకి పోయాడు. ఎండలో నిలబడి తన నీడతో అన్నాడు:

“విజయనగరం ఎల్లు. ఆడి నీడని తోసేసి ఆడ నువ్వు కూకో.”

నీడ వాడి కాళ్ళు వదల్లేదు.

“ఎల్లెహె!” అని కసిరాడు. అప్పుడు మెల్లగా పాక్కుంటూ పోయి పెట్టె ఎక్కింది.

నాలుగో రోజు తాతారావు నీడ తిరిగొచ్చింది. దుమ్ముకొట్టుకుని, మోచెయ్యి చిరిగి, వాకిట్లో నిలబడింది. తాతారావు దాన్ని చూశాడు. తర్వాత కూర్మారావు కాళ్ళ కింద ఖాళీ నేల చూశాడు.

“సీటు నీకు కావాలని ఒక్క మాట సెప్పనేకపోనావేట్రా?” అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నాయనమ్మ ఆ చిరిగిన మోచేతికి పసుపు రాసింది. కూర్మారావుకి అప్పుడు భయం పట్టుకుంది. “నాది ఎనక్కి పిలిసేత్తాను పెదనాన్నా” అన్నాడు.

“పిలిస్తే రాదు. ఒకసారి కూకున్న నీడ, దాని మనిషొచ్చీదాకా తనంతట లెగదు” అన్నారు వైకుంఠరావు గారు. “సిరిగిన నీడని మళ్ళీ పంపనేం. సీటు పట్టినోడే ఎల్లాల. పరీచ్చలయ్యాక కొట్టు తాతారావు సూస్తాడు.”

మద్రాసు నుంచి ఫలితాలొచ్చాయి. తాతారావు బడికంతటికీ ఫస్టు. కూర్మారావు ఎలాగో గట్టెక్కాడు.

కూర్మారావు రైలెక్కే రోజున వాడి ట్రంకుపెట్టె మోసుకుని తాతారావే వచ్చాడు. ప్లాట్‌ఫారం మీద గంపతో కూర్చున్న కొండాయన ఒకడు తాతారావుని ఆపి ఓ పసుపు కొమ్ము చేతికిచ్చాడు. తాతారావు విరిచి వాసన చూసి, వచ్చీరాని ఒడియాలో ఏదో అన్నాడు. ముసలాయన పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. తాతారావూ నవ్వాడు, దసరా తర్వాత అదే మొదటిసారి.

రైలు కదిలింది. గిరిసోల స్టేషను దాటినా కూర్మారావు చెవుల్లో ఆ నవ్వే. ఆ కొమ్ము తను విరవాల్సింది. ఆ ముసలాయన తనని చూసి నవ్వాల్సింది. కడుపులో మంట మళ్ళీ భగ్గుమంది. ఎలాగైనా తాతారావుని ఆ కొట్లోంచి తోసెయ్యాలనిపించి, అలవాటుగా కాళ్ళ వంక చూసుకున్నాడు.

అక్కడేం లేదు. పంపాల్సిన నీడ విజయనగరంలో, వాడికి అక్కర్లేని బెంచీ మీద, వాడి కోసమే కదలకుండా కూర్చుని ఉంది.