పసిగుడ్డు ముందు, చీము చివర

ఇళ్ళు తిరిగే నర్సుకి మొదటిరోజే నేర్పే పాఠం ఒకటుంది. పసిగుడ్డు ముందు, చీము చివర. పొద్దున్నే చేతులు శుభ్రంగా ఉన్నప్పుడు బాలింతల ఇళ్ళు, ఆ తర్వాత గర్భిణులు, బీపీ, షుగరు వాళ్ళు. పుండ్లకి కట్లు కట్టే ఇళ్ళు అన్నిటికన్నా ఆఖర్న. ఈ వరస తప్పితే చీములో క్రిమి నర్సు చేతుల మీద సవారీ చేసి పసిబిడ్డ బొడ్డు దగ్గర దిగుతుంది. మందుల బ్యాగు తగిలించుకుని ఇళ్ళు తిరిగే మన సిస్టరుకి ఈ పాఠం చెప్పింది ఆమె పైఅధికారి పెద్దసిస్టరే. ఆ వరస తప్పించిందీ ఆ మహాతల్లే!

ఏడేళ్ళ కిందటి మాట. ఊళ్ళో పెద్దమనిషి ఒకాయనకి తొడ మీద సెగ్గడ్డ. "ఆయన తొమ్మిదింటికి ప్రయాణమట. ముందు ఆయనకి కట్టు కట్టేసి, తర్వాత బాలింత ఇంటికి వెళ్ళు" అంది పెద్దసిస్టరు, నోటిమాటగా. సిస్టరు అప్పుడు కొత్త, ఎదురు చెప్పలేకపోయింది. చేతులు తోముకునే వెళ్ళింది. అయినా నాలుగోరోజుకి బిడ్డ బొడ్డు చీము పట్టింది, తొమ్మిదోరోజుకి బిడ్డ పోయింది. విచారణలో పెద్దసిస్టరు రెప్ప కూడా వెయ్యకుండా, "నేనెందుకు చెప్తానండీ? ఈ పిల్లకి ఒళ్ళు బద్ధకం, దగ్గర కదా అని ముందు అక్కడికెళ్ళింది" అనేసింది. నోటిమాటకి సాక్ష్యం ఎవరు? ఆ రోజు నుంచి పేటంతా ఆమెకి చీము సిస్టరని పేరు పెట్టింది. బిడ్డ తల్లి అయితే ఇప్పటికీ ఆమెని చూస్తే తలుపు ధడాలున వేస్తుంది. ఆ తలుపు తెరుచుకునే దాకా ఆమెకి తిన్నది ఒంటికి పట్టదు.

చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత అంటారు. పెద్దసిస్టరు రిటైరైంది, కూతురు పురిటికొచ్చింది, ఆ వీధి మన సిస్టరు వంతే అయింది. ఫోనొచ్చింది.

"ఏమ్మా, పాప బొడ్డు చూడాలి. పదకొండుకి రా. అల్లుడిది నైట్ డ్యూటీ, పొద్దున పది దాకా పడుకుంటాడు. ముందే వచ్చి బెల్లు కొట్టి లేపకు."

సిస్టరు గుర్తుపట్టింది. అదే నోరు, అదే రకం మాట! "ఆ టైముకి నేను చీము ఇళ్ళు తిరిగి ఉంటాను మేడమ్" అని ఒక్కమాట అనొచ్చు. అనలేదు. "అలాగే మేడమ్" అంది, నోట్లో తేనె పోసుకుని.

మర్నాడు పదిన్నరకి ఒక షుగరు తాత కాలిపుండుకి కట్టు మార్చి, పదకొండుకి పెద్దసిస్టరు గేటు ముందు నిలబడింది. లోపల పసిపిల్ల ఏడుస్తోంది. రమ్మన్నది ఆవిడేగా, వెళ్తే ఏం పోయింది అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. గేటు మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

పెద్దసిస్టరు వరండాలోకొచ్చింది. వెనకాలే పాపనెత్తుకుని కూతురు, నోట్లో బ్రష్షుతో అల్లుడు.

"రావే, అక్కడే ఆగిపోయావేం?"

"కుళ్ళిన కాలికి కట్టు కట్టి వస్తున్నాను మేడమ్, మీరు చెప్పిన టైముకే. పాప బొడ్డు ముట్టుకోమంటారా?"

పెద్దసిస్టరు మొహంలో నెత్తుటిచుక్క లేదు. "ఆగు! అక్కడే ఆగు!"

"ఏమైందమ్మా?" అంది కూతురు.

"మీ అమ్మగారినే అడగండి. నాకు పాఠం చెప్పిన గురువు ఆవిడే. గట్టిగా చెప్పండి మేడమ్, అప్పుడు నాకు చెప్పినట్టు."

పసిగుడ్డు ముందు, చీము చివర అని గొణిగింది పెద్దసిస్టరు.

"అంత తెలిసీ పదకొండుకి ఎందుకు రమ్మన్నావు?" అంది కూతురు.

"మీ ఆయన నిద్ర చెడుతుందని..."

"నా నిద్రా!" అన్నాడు అల్లుడు, బ్రష్షు తీసేసి.

"అప్పుడు పెద్దమనిషి ప్రయాణం, ఇప్పుడు అల్లుడిగారి నిద్ర" అంది సిస్టరు. "అప్పుడు పోయింది పరాయి బిడ్డ. అదే తేడా."

చీము సిస్టరు కథ ఆ కూతురు పెళ్ళికి ముందు తల్లి నోటే విన్నది. పాపని గుండెలకి అదుముకుని అడిగింది. "అమ్మా, ఆ రోజు ముందు చీము ఇంటికి పంపింది నువ్వేనా?"

పాప వంక చూసి, "అవును" అంది పెద్దసిస్టరు. ఆ ఒక్క ముక్క కోసం సిస్టరు ఏడేళ్ళు కాచుకుంది. అబద్ధమెందుకు, చెవులకి తియ్యగానే ఉంది.

"చల్లారిందా నీ కడుపు?" అని బుసకొట్టింది పెద్దసిస్టరు.

"ఎక్కడ మేడమ్! నాకు చెప్తే ఏం లాభం, నాకు తెలిసిందేగా. ఆ పోయిన బిడ్డ తల్లి ఇల్లు పక్క వీధే. అక్కడికొచ్చి చెప్పండి." తర్వాత కూతురి వైపు తిరిగింది. "పాప గురించి బెంగ వద్దమ్మా. రేపు ఏడింటికల్లా వస్తాను. ఎవరి నిద్ర చెడినా సరే."

"ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకే ఇదంతా" అంటూ పెద్దసిస్టరు కూతురి మొహం చూసింది, వెనకేసుకొస్తుందేమోనని.

కూతురు పాపని మొగుడి చేతుల్లో పెట్టింది.

"చెప్పులేసుకో అమ్మా" అంది.